తలుపు ఎందుకు తీశావని అడిగిన ఒక తల్లికి

కందుకూరు దాపునున్న ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. నోటుబుక్కు కాగితాలు నాలుగింటికి రెండు వైపులా రాశారు. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 46 ఏళ్లు. భర్తకు మూడెకరాల సొంత పొలం, కొంత కౌలు, అన్నగారితో ఉమ్మడిగా పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే ఒక బ్యారన్ ఉన్నాయి. కూతురికి 21 ఏళ్లు. ఒంగోలులో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండేది. ఏడు నెలల క్రితం, ఫిబ్రవరిలో, ఆ అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చింది. బ్యారన్‌కు మంట పెట్టాక రాత్రింబగళ్లు వేడి చూసుకుంటూ ఉండాలి కనుక తల్లిదండ్రులిద్దరూ ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు. మేనత్త కొడుకు, 27 ఏళ్లవాడు, "మామయ్య టార్చిలైటు తెమ్మన్నాడు" అని తలుపు తట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో తిని తిరిగినవాడు. ఆమె గడియ తీసింది. అతను ఆమెపై అత్యాచారం చేశాడు.

మూడో రోజు, పెరట్లో బట్టలు ఉతుకుతూ ఆ అమ్మాయి తల్లికి చెప్పింది. తల్లి నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "నువ్వు తలుపెందుకు తీశావే?" అప్పటి నుంచి కూతురు ఆ విషయం గురించి మళ్లీ నోరు విప్పలేదు. కాలేజీకి తిరిగి వెళ్లలేదు, పరీక్షలు రాయలేదు.

తండ్రి తన చెల్లెలి ఇంటికి వెళ్లి అరిచాడు. చెల్లెలు కాళ్లు పట్టుకుంది. పిల్లకాయ ఏదో తెలీక చేశాడని, నీ కూతుర్ని నా కోడలిగా చేసుకుంటానని, మాట ఇక్కడితో పోనివ్వమని ఏడ్చింది. పెదనాన్న దానికే మొగ్గు చూపుతున్నారు. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చినిగేది ఆకేనని, ఎలాగూ మేనరికమే కనుక గమ్మున ముడి వేసేస్తే గుట్టు దక్కుతుందని ఆయన అంటున్నారు. ఇంతలో చెన్నైలో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి సంబంధం కూడా వచ్చింది. తండ్రి ఏదీ తేల్చడు. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పొదుపు సంఘం మీటింగులో ఒకామె, ఎవరి పేరూ ఎత్తకుండానే, "ఆడది చనువియ్యందే మగాడు గడప తొక్కుతాడా" అన్నదట.

ఆ తల్లి అడిగినవి మూడు ప్రశ్నలు. మేనల్లుడికే ఇచ్చి పెళ్లి చేయవచ్చా? ఇన్ని నెలల తరవాత పోలీసులకు చెబితే ఎవరైనా నమ్ముతారా? చెన్నై సంబంధం వాళ్లకు ఈ సంగతి చెప్పాలా, దాచాలా? ఆఖరున, విడిగా, ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి: "రాత్రిళ్లు రెండు మూడు సార్లు లేచి గడియ పడిందో లేదో తడిమి చూసుకుంటుంది. నేను నిద్ర పోతున్నట్టే పడుకుని ఉంటాను."

అమ్మా,

మీరు మీ మొదటి మాటను దాచకుండా రాశారు. మీ గురించి మంచిగా చెప్పుకోవాలనుకుంటే ఆ వాక్యం వదిలేసి ఉండేవారు. ఆ మాట మిమ్మల్ని ఏడు నెలలుగా తింటోంది కాబట్టే రాశారని అర్థమవుతోంది, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

"తలుపెందుకు తీశావు" అని మన ఇళ్లలో దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది. ఎందుకు ఒక్కతివే ఉన్నావు, ఎందుకు అరవలేదు, అప్పుడే ఎందుకు చెప్పలేదు అనేవి దాని అక్కచెల్లెళ్లు. అలా అడగడంలో చెడ్డ ఉద్దేశం ఉండదు, భయం ఉంటుంది. పిల్ల ఫలానా పని చేయకుండా ఉంటే ఇది జరిగేది కాదు అని ఒక కారణం దొరికితే, మిగతా ఆడపిల్లలను ఆ ఒక్క పనీ చేయనివ్వకుండా కాపాడుకోవచ్చు అన్న ఆశ ఆ ప్రశ్న అడుగున ఉంటుంది. కానీ వినేవాళ్లకు ఆ భయం వినబడదు. జరిగినదానికి కారణం నువ్వే అన్నదొక్కటే వినబడుతుంది. మూడు రోజులు మనసులో కూడగట్టుకుని, ఎదురుగా నిలబడి చెప్పలేక, చేతిలో పని ఉంటే కళ్లలోకి చూడనవసరం లేదని బట్టలు ఉతుకుతూ చెప్పిన పిల్లకు ఆ రోజు అందిన జవాబు అది.

నిజానికి మీ ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. అది ఆమె ఇల్లు. వచ్చినవాడు ఆమె బావ. అడిగింది తండ్రి పేరు చెప్పి. ఇందులో తలుపు తీయకపోవడానికి కారణం ఏముంది? మన దేశంలో ఏటా నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు ఏ ఏడాదికి ఆ ఏడాది చెబుతూనే ఉన్నాయి. చుట్టాలు, ఇరుగుపొరుగు, స్నేహితులు, పని ఇచ్చినవాళ్లు. చీకట్లో ఎదురయ్యే అపరిచితుడి కోసం మనం గడియలు బిగిస్తాం, ఆ గడియ తీయించగల చనువు ఉన్నవాడి విషయంలో పిల్లలకు ఏమీ చెప్పం.

అరవలేదేమని మీ ఉత్తరంలో రెండు చోట్ల రాశారు. ప్రాణభయం పట్టినప్పుడు కొందరు తిరగబడతారు, కొందరు పారిపోతారు, చాలామంది కొయ్యబారిపోతారు. నోరు పెగలదు, చేయి లేవదు. అది శరీరం తనంతట తాను చేసే పని, ఒప్పుకోలు కాదు. ఈ సంగతి చట్టంలోనే ఉంది: శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఆమె సమ్మతించినట్టు భావించరాదు. చట్టం అంత స్పష్టంగా చెప్పాక కూడా ఇంట్లో మనం అదే అడుగుతున్నాం.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. మీ నాలుగు కాగితాలూ రెండు సార్లు చదివాను. మీ బావగారు ఏమన్నారో ఉంది, మీ ఆడబిడ్డ ఎలా ఏడ్చిందో ఉంది, మీ ఆయన ఎన్ని పూటలు అన్నం మానేశారో ఉంది, పొదుపు సంఘంలో ఎవరేమన్నారో ఉంది, చెన్నై వాళ్లు ఎంత అడుగుతున్నారో కూడా ఉంది. మీ అమ్మాయి ఏమంటోందో మాత్రం ఎక్కడా లేదు. ఆమె మాట్లాడటం లేదు కాబట్టి లేదని మీరు అంటారు. మొదటి రోజు తరవాత ఆమెను ఎవరైనా ఏదైనా అడిగారా? ఆమె మేజరు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా, ఎవరిని పెళ్లాడాలి, అసలు ఇప్పుడు పెళ్లాడాలా, ఎవరికి చెప్పాలి అన్నవి ఆమె తేల్చుకోవలసిన విషయాలు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయి ఉంటే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయక తప్పదు, ఇక్కడ అలా కాదు. మీరు నన్ను అడిగిన మూడు ప్రశ్నలకూ నేను దారులు చెబుతాను, ఏ దారి ఎటు పోతుందో చెబుతాను. ఎంచుకోమని మాత్రం మీకు చెప్పను, ఎందుకంటే ఎంచుకోవలసింది మీరు కారు.

మేనల్లుడితో పెళ్లి గురించి అయితే దాపరికం లేకుండా నా అభిప్రాయం చెబుతున్నాను. మీ బావగారి దృష్టిలో అది గుట్టు దక్కించుకోవడం. మీ అమ్మాయి వైపు నుంచి చూడండి: ఏ మనిషి వల్ల ఆమెకు నిద్ర దూరమైందో, జీవితాంతం ఆ మనిషి పక్కనే నిద్రపోవాలి. చట్టం సంగతి ఇంకా ఘోరం. భార్యకు పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే భర్త బలవంతాన్ని మన చట్టం నేటికీ అత్యాచారం అనడం లేదు. గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చు గానీ, ఆ నేరం పేరుతో కేసు పెట్టడానికి దారి లేదు. అంటే ఇవాళ పదేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష పడే పనిని, తాళి కట్టించి రేపటి నుంచి అతనికి హక్కుగా అప్పగిస్తున్నట్టు. పైగా పెళ్లి జరిగినంత మాత్రాన జరిగిపోయిన నేరం మాసిపోదు. అత్యాచారం పెద్దమనుషులు రాజీ చేయగల తగాదా కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2021 మార్చిలో ఒక కేసులో, వేధించినవాడి చేతికి బాధితురాలితోనే రాఖీ కట్టించుకోమన్న బెయిలు షరతును కొట్టేస్తూ, పెళ్లి చేసుకోమని గానీ రాజీ పడమని గానీ కోర్టులు సైతం సూచించకూడదని ఆదేశించింది. జడ్జీలకే లేని అధికారం రచ్చబండకు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ఆడబిడ్డ కన్నీళ్లు అబద్ధమని నేననను. కానీ ఆమె మాటలో ఒక్క పదం చూడండి. 27 ఏళ్లవాడు పిల్లకాయ. 21 ఏళ్ల అమ్మాయి మాత్రం తలుపు తీసేముందు అన్నీ ఆలోచించాల్సిన పెద్దమనిషి.

ఇక ఆ సామెత. ముల్లు, అరిటాకు మన ఇళ్లలో ఎంతగా నానిన మాటంటే, అది విన్న వెంటనే అందరూ తల ఊపేస్తారు. ఆకు చినగడం గురించి అంత చెప్పిన సామెతలో ముల్లును ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. పొలం గట్టున నడిచే దారిలో తుమ్మముల్లు కనబడితే మీ బావగారే వంగి తీసి కంచెలో పారేస్తారు, వెనక వచ్చేవాళ్ల కాలికి గుచ్చుకుంటుందని. ఇక్కడ ముల్లును దారిలోనే వదిలి ఆకును ఇంట్లో దాచమంటున్నారు, చాలదన్నట్టు ఆ ఆకును తీసుకెళ్లి ఆ ముల్లుకే చుట్టమంటున్నారు. మన మాటలు కూడా అలాంటివే. మానభంగం అంటాం. మానం ఆమెది, భంగపడిందీ ఆమెదే, చేసినవాడి ఊసు ఆ మాటలో లేదు. చెడిపోయింది, పాడైపోయింది అంటాం. దొంగలు పడ్డ ఇంటిని చెడిపోయిన ఇల్లని ఎవరైనా అంటారా? మీ ఉత్తరంలో మీరు కూడా ఒకచోట "నా బిడ్డ బతుకు పాడైపోయింది" అని రాశారు. దయచేసి ఆ మాట ఇంట్లో వినబడనివ్వకండి. 21 ఏళ్ల పిల్లకు ఒక సంవత్సరం చదువు పోయింది, నిద్ర పోయింది, నవ్వు పోయింది. అవి పోవడం చిన్న విషయం కాదు, కానీ తిరిగి వచ్చేవి. బతుకు పాడైందని తల్లే అంటే ఆ వచ్చేవి కూడా రావు.

తిక్కన గారి నెల్లూరు మనది, కనుక విరాటుడి కొలువులో జరిగింది మీరు హరికథల్లోనైనా విని ఉంటారు. కీచకుడి నుంచి తప్పించుకుని సైరంధ్రి నిండు కొలువులోకి పరుగెత్తితే, అతను వెంటబడి వచ్చి అందరి ఎదుటా ఆమెను తన్నాడు. రాజు నోరెత్తలేదు. మారువేషంలో ఉన్న ఆమె భర్త ధర్మరాజే, ఇక్కడ ఇలా ఏడుస్తూ నిలబడవద్దు, లోపలికి వెళ్లమని ఆమెనే మందలించాడు. అజ్ఞాతవాసం బయటపడుతుందన్నది ఆయన ఇబ్బంది. గమ్మున ఉండమనే ప్రతి పెద్దకూ అలాంటి కారణం ఒకటి ఉంటూనే ఉంటుంది, ఒక్కోసారి అది నిజమైన కారణమే. మీ ఆయనకు తోడబుట్టిన చెల్లెలు, ఉమ్మడి బ్యారన్, అన్నగారి మాట. అయినా దెబ్బ తిన్నది ఆమె, లోపలికి పొమ్మన్నదీ ఆమెనే.

పొదుపు సంఘంలో అన్న మాటకు మీరు తల దించుకుని వచ్చేశానని రాశారు. ఆ సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి ఇంటి గుట్టుగానే ఉండేది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు ఒకరి గుట్టు ఒకరికి చెప్పుకున్నాక, అందరి ఇళ్లలోనూ ఉన్నది ఒకటే గుట్టని తెలిసింది. రోశమ్మ గారు ముందు నడిచారు, సారా అంగళ్లు మూయించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు ఆ ఉద్యమం వెంటే పుట్టాయి. మీ కూతురి సంగతి సంఘంలో చెప్పమని నేననడం లేదు, ఆమె అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. కానీ మరోసారి ఎవరైనా ఆ మాట అంటే, "చనువు ఇచ్చినా ఇవ్వకపోయినా, చేసినవాడిదే తప్పు, చేసినవాణ్ణి అడగాలి" అని ఎవరి పేరూ ఎత్తకుండా మీరూ అనవచ్చు. ఆ పదిమందిలో కూర్చున్నవాళ్లలో ఎవరికి ఏ రాత్రి గుర్తుకొచ్చి మౌనంగా ఉన్నారో మీకు తెలియదు. నేను ఇన్నేళ్లుగా చదువుతున్న ఉత్తరాల్లో, పెళ్లయి మనవలు పుట్టాక మొదటిసారి ఈ విషయం ఒకరికి చెబుతున్నామని రాసినవాళ్లు ఒకరిద్దరు కాదు.

రెండో ప్రశ్నకు వస్తాను. ఏడు నెలల తరవాత చెబితే నమ్ముతారా? చట్టం తలుపు మూసుకోలేదు. ఇంత పెద్ద నేరానికి ఫిర్యాదు చేయడానికి గడువంటూ లేదు. ఆలస్యం అయినంత మాత్రాన కేసును కొట్టేయకూడదని, కుటుంబ పరువు గురించిన భయంతో ఇలాంటి ఫిర్యాదులు ఆలస్యం కావడం సహజమేనని, ఆమె సాక్ష్యం నమ్మదగినదిగా ఉంటే దానికి మరో ఆధారం తోడు కావాలని పట్టుబట్టనవసరం లేదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊరు ఏ స్టేషను కిందికి వస్తే అక్కడికే వెళ్లాలని లేదు. అందరూ తెలిసినవాళ్లే అన్న భయం ఉంటే, ఒంగోలులోనో నెల్లూరులోనో ఏ స్టేషనుకు వెళ్లినా జీరో ఎఫ్‌ఐఆర్‌గా తీసుకుని సంబంధిత స్టేషనుకు పంపాలి. ఆమె చెప్పేది మహిళా పోలీసు అధికారే నమోదు చేయాలి. తీసుకోబోమని అంటే, అలా అనడమే శిక్ష పడే నేరం. కోర్టులో విచారణ జనం మధ్య జరగదు, మూసిన గదిలో జరుగుతుంది. గతంలో ఆమెకు ఎవరితో స్నేహం, ఎలాంటి నడవడి అన్న ప్రశ్నలు వేయడానికి వీలు లేదు. రెండు వేళ్ల పరీక్ష అనే అవమానకరమైన పద్ధతిని ఎవరు చేసినా దుష్ప్రవర్తన కింద లెక్క అని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరం గానీ అచ్చు వేసినా, ప్రచారం చేసినా, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు. ఆ చట్టం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి మీ విషయం దాని కిందికే వస్తుంది.

ఇవన్నీ కాగితం మీద ఉన్నవి. కాగితానికీ స్టేషను గడపకూ మధ్య ఎంత దూరమో మీకు నేను చెప్పనవసరం లేదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ అనే ఆమెపై పోలీసు స్టేషనులోనే పోలీసులు అత్యాచారం చేస్తే, విచారణ కమిషను ముందు ఆమె నడవడి మీదే బురద చల్లారు. కమిషను పోలీసులది తప్పని తేల్చినా, చివరికి కోర్టులో వాళ్లు విడుదలయ్యారు. అప్పటికీ ఇప్పటికీ చట్టం చాలా మారింది, మనుషులు అంతగా మారలేదు. తీర్పు వచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం నేటికీ నిందితులు బయటపడుతున్నవే. ఏడు నెలలు గడిచాయి కనుక వైద్య పరీక్షలో దొరికే ఆధారం ఉండదు. విచారణ ఏళ్ల తరబడి సాగవచ్చు, చెప్పినదే మళ్లీ మళ్లీ చెప్పవలసి రావచ్చు, మీ ఆయనకు చెల్లెలితో తెగిపోతుంది, ఊళ్లో రెండు వర్గాలు కావచ్చు. ఇన్ని తెలిసీ ఫిర్యాదు చేసి నిలబడినవాళ్లు ఉన్నారు. కేసు ఓడిపోయినా, నేను చెప్పవలసిన చోట చెప్పాను అన్న తృప్తి వాళ్లలో కొందరికి మందులా పనిచేసింది. వేరేవాళ్లు పోరుబెట్టి కేసు పెట్టించినవాళ్లు మాత్రం మధ్యలోనే నలిగిపోయారు.

ఇప్పటికిప్పుడు తేల్చుకోలేకపోతే, తరవాత తేల్చుకునే వీలు మిగుల్చుకోండి. ఆ రాత్రి జరిగినదాని గురించి అతనో వాళ్లమ్మో క్షమించమని పంపిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు ఉంటే చెరపకండి, ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. హాస్టల్లో ఏ స్నేహితురాలికైనా చెప్పి ఉంటే ఆ మాటకూ విలువ ఉంటుంది. మీ అమ్మాయి రాయగలిగితే, గుర్తున్నంతవరకు తేదీలతో ఒక కాగితం మీద రాసి దాచుకోమనండి. ఆలస్యం పెరిగేకొద్దీ కేసు బలహీనపడుతుందన్నది మాత్రం ఆమెకు తెలియాలి, తెలిసి తేల్చుకోవాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోను చేసి అడగవచ్చు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంటుంది, కేసు పెట్టకపోయినా అక్కడ కూర్చోబెట్టి మాట్లాడతారు, మహిళల హెల్ప్‌లైను 181కు చేస్తే దారి చెబుతారు. అక్కడికి వెళ్లినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు.

కేసు పెట్టడానికీ గమ్మున ఉండటానికీ మధ్య ఇంకొకటి ఉందని చాలా ఇళ్లు మరచిపోతాయి. ఫిర్యాదు చేయకపోయినా అతను మీ గడప తొక్కకూడదు. వినాయక చవితి పందిట్లో అతను చందా పుస్తకం పట్టుకుని తిరిగాడని, మీ అమ్మాయి ఆ తొమ్మిది రోజులూ వెనక గదిలోనే ఉందని రాశారు. తప్పు చేసినవాడు వీధిలో, అన్యాయమైపోయిన పిల్ల గదిలో. సంక్రాంతికి దీన్ని తిరగవేయండి. అతను ఉన్న చోటికి మీ కుటుంబం వెళ్లదని, మీ కుటుంబం ఉన్న చోటికి అతను రాకూడదని మీ ఆయన తన చెల్లెలికి చెప్పాలి. పెద్దరికం అంతా మీ బావగారి చేతుల్లోనే ఉందంటున్నారు కనుక, ఆయనకు పెళ్లి చేయించే హక్కు లేదు గానీ ఈ మాట అమలు చేయించే బాధ్యత ఉంది. దీనికీ ఖర్చుంటుంది. కారణం ఏమిటని ఊరు అడుగుతుంది. కారణం చెప్పనవసరం లేదని అంటే ఊరు ఊహించుకుంటుంది. ఊహించుకోవడం ఇప్పటికే మొదలైంది కదా.

మీ ఆయన గురించి ఒక్క మాట. ఆయన ఏదీ తేల్చరని కోపంగా రాశారు. కూతురితో ఒక్క ముక్క మాట్లాడలేక, బ్యారన్ దగ్గర మంచం వేసుకుని పడుకుంటున్నారని కూడా రాశారు. నాన్న తనను చూడటానికే ఇష్టపడటం లేదని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటుంది. ఆయన పెద్ద మాటలేవీ మాట్లాడనవసరం లేదు. ఇంట్లో పడుకుంటే చాలు, మొదటికి.

చెన్నై సంబంధం సంగతి. చెప్పాలా, దాచాలా అని మీరు అడిగిన తీరులోనే ఇది ఆమెలోని లోపం అన్న భావం ఉంది. ఇది రోగం కాదు, తప్పు కాదు. అవతలివాళ్లకు ముందే తెలియజేయవలసిన బాధ్యత ఏదీ ఆమె మీద లేదు. అయితే మీ ఇంటి విషయంలో ఒక చిక్కుంది: ఈ సంగతి మీ ఆడబిడ్డ ఇంట్లో తెలుసు, వీధిలో సగం తెలుసు. దాచి చేస్తే, రేపు ఆ ఇంటి నుంచే ఎవరో ఒకరు చేరవేస్తారేమోనన్న భయంతో ఆమె ఏళ్ల తరబడి కాపురం చేయాలి. చెబితే ఆ సంబంధం తప్పిపోవచ్చు, వెనక్కి వెళ్లినవాళ్లు నాలుగు చోట్ల చెప్పవచ్చు. ఆమెకు ఇష్టమైతే, ఆ అబ్బాయితో పరిచయం పెరిగి అతని మనసు తెలిశాక, మధ్యవర్తుల ద్వారా కాకుండా తానే చెప్పుకోవచ్చు. విన్నవాడి మొదటి ప్రశ్న ఏమిటో బట్టి అతను ఎలాంటివాడో ఆమెకు తెలిసిపోతుంది. నాకైతే ఇంకో ఆలోచన కూడా తోస్తోంది. ఈ ఏడాదికి పెళ్లి మాటే ఎత్తకపోతే ఏం పోతుంది? ఆగిపోయిన పరీక్షలు ఎప్పుడు కట్టవచ్చో కాలేజీలో కనుక్కోండి. పాత హాస్టలు వద్దంటే వేరే హాస్టలు, ఒంగోలు వద్దంటే కావలిలోనో నెల్లూరులోనో మీ పుట్టింటివాళ్లు ఎవరి ఇల్లయినా. చదువు మానేసింది కాబట్టే వీధి మాట్లాడుతోందని మీరే రాశారు. ఆమె మళ్లీ బస్సెక్కడం చూస్తే వీధి మరో మాట వెతుక్కుంటుంది.

ఆమె ఆరోగ్యం సంగతి వాయిదా వేయవద్దు. ఒకసారి ఆడ డాక్టరుకు చూపించండి. నిద్ర లేకపోవడం, గడియ తడిమి చూసుకోవడం, ఉలిక్కిపడటం ఇలాంటి దెబ్బ తిన్న మనసుకు ఉండే లక్షణాలు, తగ్గే లక్షణాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల విభాగం ఉంటుంది, ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట ఆమె నోట వచ్చినా, తన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం లాంటిది కనిపించినా, పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. పొలం ఉన్న ఇల్లు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆమెతో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని మీరు అడగలేదు గానీ, ఆ చివరి రెండు వాక్యాల్లో ఉన్నది అదేననిపించింది. ఈ రాత్రి ఆమె లేచినప్పుడు నిద్ర నటించకండి. మీరూ లేవండి. దీపం వేయనవసరం లేదు. ఆమె పక్కన నిలబడి మీరు కూడా ఒకసారి గడియ తడిమి చూడండి, పడిందమ్మా అని చెప్పండి. ఆ తరవాత, ఆమె వింటున్నా, అటు తిరిగి నిలబడి ఉన్నా, "నువ్వు తలుపు తీయడం తప్పు కాదు, ఆ రోజు నిన్ను ఆ మాట అడగడం నా తప్పు" అనండి. ఆమె బదులివ్వకపోవచ్చు, మంచం మీదకు వెళ్లి ముసుగు కప్పుకోవచ్చు. రేపు రాత్రి కూడా లేవండి.